అనామక తాబేలు

ఫిషింగ్ హార్బరులో ఐసు ఫ్యాక్టరీ మీద
ఒంటి గది మా సొసైటీ ఆఫీసు.
కింద మర గడ్డల్ని కొరికే చప్పుడు,
పైన నేను, ఒక కంప్యూటరు,
యారాడ కొండ సగమే కనబడే కిటికీ.

నాలుగేళ్ల కిందట నేనే తెరిచాను ఆ ఫోల్డరు.
పేరు ‘వేట లెక్కలు’.
లోపల డీజిలు, ఐసు, వలల బాకీలు, రోజువారీ వేలం.
గ్రూపులో లింకు పడేసి
‘లింకు ఉన్నవాళ్లెవరైనా మార్చొచ్చు’ మీద నొక్కేశాను.
తొందర. ఆ పూట పదకొండు బోట్లు ఒక్కసారే వచ్చాయి.

మొన్న శుక్రవారం
ఎర్రాజి బోటు వంజరం నలభై రెండు కిలోలు
ఇరవై నాలుగయి కూర్చుంది.
మెట్లెక్కి వచ్చి బల్ల మీద చెయ్యి వేశాడు ఎర్రాజి.
కొట్టలేదు, వేశాడంతే.
‘పద్దెనిమిది కిలోలు మళ్లీ సంద్రంలోకి దూకీసినాయేటి బాబూ?’

ఆ రాత్రి ఆఫీసులోనే ఉండి జాబితా తీశాను.
ఎవరెవరికి తాళం ఇచ్చానో నాకే గుర్తు లేదు.
రంగు రంగు గుండ్రాలు, గుండ్రానికో అక్షరం.
రెండేళ్ల కింద వెరావల్ వెళ్లిపోయిన దానయ్య
ఇంకా ఎడిటరే.
ఒక్క సీజను ఐసు వ్యాను తోలిన కుర్రాడు ఎడిటరు.
ప్రెసిడెంటుగారి బావమరిది,
ఆయన కొత్త మెయిలు, ఆయన మర్చిపోయిన పాత మెయిలు
ఇద్దరూ ఎడిటర్లే.

తెల్లారగట్ల నాలుగింటికి
పై మూల ఊదారంగులో ఒకటి వెలిగింది:
అనామక తాబేలు.
పేరు చెప్పకుండా లోపలికొచ్చిన వాళ్లకి
ఏదో ఒక జంతువు మొహం తగిలిస్తుందట ఈ యంత్రం.
వేలం షీటు తెరిచి
వంజరం వరస దగ్గర కాసేపు ఆగింది.
ఏదీ ముట్టుకోలేదు.
నాలుగు నిమిషాలకి, ఇసక కప్పేసి పోయినట్టు, పోయింది.
దొంగ దొరికిందనుకున్నాను.

ప్రెసిడెంటుగారిది ఒకటే మాట: ‘మూసెయ్.’
మూశాను.
పేరు పేరు పక్కనా బాణం గుర్తు నొక్కి
ఎడిటర్లని వ్యూయర్లని చేశాను, కొందర్ని తీసేశాను.
దానయ్య దగ్గర వేలు కొంచెం ఆగింది.
మొప్పలు తిప్పి చందువ వయసు చెప్పడం
నాకు నేర్పింది వాడే.
చివరికి లింకు. ‘పరిమితం’.
గడియ పడిన చప్పుడు కూడా లేదు.

మర్నాడు పదింటికి ఓలిశెట్టి పెంటమ్మ
ఖాళీ గంప చంకనెట్టుకుని ఎక్కొచ్చింది.
పెదవాల్తేరు సందుల్లో ఇంటింటికీ చేపలమ్మే మనిషి.
చేతిలో మనవరాలి ఫోను, పగిలిన అద్దం,
అద్దం వెనక ‘మీకు అనుమతి అవసరం’.
‘ఇదేటో సదువు బాబూ.
రోజూ ఎంత సరుకు దిగినాదో పిల్ల సదివి సెప్తేనే
ఏలానికి వత్తాను.
ఇవాళ సేపల్లేవని కిలోకి నూటేభై ఎక్కువ లాగీసినారు.
తరవాత తెలిసినాది, పెట్టిల్నిండా ఉన్నాయట.’

తాబేలు నా ఎదురుగా నిలబడి
కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

ఆవిడ ముందే మార్పుల చరిత్ర తెరిచాను.
గురువారం రాత్రి పదకొండు నలభై.
నలభై రెండు చెరిపి ఇరవై నాలుగు.
పక్కన గుండ్రంలో అక్షరం
నాదే.
నిద్రకళ్లతో వరస సర్దుతూ
అంకెల్ని నేనే బోర్లా పడేశాను.

‘దొంగోడు దొరికినాడేటి?’ అంది తెర కేసి చూస్తూ.
మనవరాలి మెయిలు ఏమిటని అడిగాను.
టైపు చేసి, చూడటానికి మాత్రమే అని పెట్టాను.
‘సూడ్డానికేనా?’
‘అంతే.’
‘సాల్లే. సంద్రం కూడా నాకంతే ఇచ్చినారు.’
మెట్ల మీద గంప గోడకి రాసుకుంటూ దిగిపోయింది.

సాయంత్రం ఎర్రాజికి ఫోను చేసి చెప్పాను.
చాలాసేపు ఇంజను చప్పుడే వినిపించింది.
ప్రెసిడెంటుగారికి ఇంకా చెప్పలేదు.

జాబితా మళ్లీ తెరిచి కూర్చున్నాను.
ప్రతి పేరు పక్కనా చిన్న బాణం,
నొక్కితే తగ్గించొచ్చు, తీసెయ్యొచ్చు.
అందరికంటే పైన నా పేరు,
‘యజమాని’ అని.
దాని పక్కన బాణం లేదు.